ఐ7 అంటే ఏ ఐ7? అరవై వేల గేమింగ్ పీసీ కొటేషన్ చదవడం

మొన్న ఆదివారం గాజువాక నుంచి మా చిన్నాన్న కొడుకు ఒక కాయితం పట్టుకుని వచ్చాడు. ఇంటర్ అయిపోయింది, ఇంజినీరింగ్‌లో చేరుతున్నాడు. మంచి మార్కులొస్తే కంప్యూటర్ కొనిపెడతానని చిన్నాన్న ఎప్పుడో నోరు జారి ఉన్నాడు. ఇంట్లో చెప్పింది 'కోడింగ్‌కి' అని. వాడికి కావలసింది వాలరెంట్, జీటీఏ 5 ఆడే మెషీన్. ఆ సంగతి చిన్నాన్నకీ తెలుసు, తెలియనట్టు ఉంటున్నాడంతే.

విశాఖ ద్వారకానగర్‌లో ఒక షాపులో రాయించుకొచ్చిన కొటేషన్ అది. ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 512 ఎస్‌ఎస్‌డీ, 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (లోపలి ముక్కలకి కరెంటు ఇచ్చే పెట్టె)తో ఆర్‌జీబీ (రంగుల లైట్ల) గేమింగ్ కేబినెట్. కింద రెండు గీతలు గీసి '3 ఇయర్స్ వారంటీ'. అంతా బిగించి, సాఫ్ట్‌వేర్లు వేసి, ప్లగ్ పెడితే ఆడుకునేలా రెడీగా ఇస్తారట. మొత్తం 46 వేలు. మానిటర్ వాడి దగ్గర ఉంది. చిన్నాన్న ఇచ్చిన లెక్క 60 వేలు.

"ఇంకా పద్నాలుగు వేలు మిగులుతున్నాయి అన్నయ్యా, గేమింగ్ కుర్చీ కూడా వచ్చేస్తుంది" అన్నాడు.

ఆ కాయితం మీద ఒక్క అబద్ధం లేదు. అదే దాని గొప్పతనం. ప్రతి వరుసలోనూ సగం పేరే ఉంది, మిగతా సగం కొనేవాడు తన ఊహతో నింపుకుంటాడు. తక్కువ బడ్జెట్‌లో రెడీమేడ్ పీసీ కొనేటప్పుడు జరిగే మోసాల్లో ఎక్కువ భాగం ఆ రాయని సగంలోనే ఉంటుంది. షాపువాళ్లని మాత్రమే తిట్టడం నాకిష్టం లేదు. లోపలికి రాగానే తండ్రి అడిగే మొదటి ప్రశ్న "ఐ7 ఉందా?" అయినప్పుడు, కౌంటర్ అవతల కుర్రాడు ఏదో ఒక ఐ7 చూపిస్తాడు మరి.

ముందు ఆ ఐ7 సంగతే చూద్దాం. ఇంటెల్ ఐ7 అనే పేరు 2008 నుంచీ ఉంది. 2011లో వచ్చిన ఐ7-2600 కూడా ఐ7, 2013లో వచ్చిన ఐ7-4770 కూడా ఐ7. రెండింటికీ నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు). 2022లో వచ్చిన ఐ3-12100ఎఫ్‌కి కూడా అవే నాలుగు కోర్లు, అవే ఎనిమిది థ్రెడ్లు, కాని ఒక్కో కోరు చేసే పని చాలా ఎక్కువ. ఆటల్లో ఆ ఐ3 ముందు ఈ పాత ఐ7లు నిలబడవు. ఐ3, ఐ5, ఐ7 అనేవి ఒకే తరంలో అన్నదమ్ముల వరసలు. తాతగారి కాలం పెద్దన్నయ్యని ఇవాళ్టి తమ్ముడితో పరుగుకి దింపకూడదు.

అసలు పేరు గీత తర్వాత మొదలవుతుంది. ఐ5-12400ఎఫ్ అంటే ముందున్న 12 తరం. నాలుగంకెలే ఉంటే, అంటే 4770 లాంటిదైతే, మొదటి అంకె తరం. చివరి అక్షరం ఇంకో కథ. మన సిటీ బస్సుల్లో 28 అని చూసి ఎక్కేస్తే సరిపోతుందా? పక్కనున్న అక్షరాన్ని బట్టి దిగే ఊరు మారిపోతుంది. ఇక్కడా అంతే. ఎఫ్ ఉంటే ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ ఉండదు, విడిగా కార్డు లేకపోతే స్క్రీన్ మీద బొమ్మే రాదు. ఇంటెల్‌కి పోటీ కంపెనీ ఏఎమ్‌డీ చేసే రైజెన్‌లో జీ ఉంటే దానికి ఉన్నంతలో మంచి గ్రాఫిక్స్ లోపలే ఉన్నట్టు.

వాడిచేత షాపుకి ఫోన్ చేయించాను. నాలుగో తరం ఐ7 అని తేలింది. బోర్డు, ప్రాసెసర్ రెండూ రిఫర్బిష్డ్, అంటే వాడినవాటిని బాగుచేసి మళ్లీ అమ్మేవి. నెమ్మదైతే పోనీ అనుకోవచ్చు, కాని దీనికి ఇంకో చిక్కుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచి, రైజెన్‌లో 2000 సిరీస్ నుంచి మాత్రమే నడుస్తుంది, టీపీఎమ్ 2.0 అనే భద్రత సదుపాయం కూడా ఉండాలి. అడ్డదారిలో ఎక్కించేవాళ్లు ఉన్నారు. అయితే వాలరెంట్ విండోస్ 11 మీద టీపీఎమ్ 2.0, సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ మొదలయ్యేలా చూసే కాపలా) ఉన్నాయో లేదో చూసిగాని తలుపు తీయదు. మావాడు ఏ ఆట కోసం కొంటున్నాడో సరిగ్గా ఆ ఆటే మొండికేసే కంప్యూటర్ ఇది.

మదర్‌బోర్డు మాట కొటేషన్‌లో అసలు లేనే లేదు. చాలా కొటేషన్లలో ఉండదు. ఒకవేళ రాస్తే సున్నాలు లెక్కపెట్టండి. హెచ్61 అనేది 2011 నాటి చిప్‌సెట్ (బోర్డు రకాన్ని తేల్చే చిప్పు), హెచ్610 అనేది 2022 నాటిది. ఒక్క సున్నా, పదకొండేళ్లు.

ఇక గ్రాఫిక్స్ కార్డు. గేమింగ్ పీసీలో డబ్బు పోయాల్సిన చోటు ఇదే, మాయ ఎక్కువ జరిగేదీ ఇక్కడే. '4 జీబీ గ్రాఫిక్స్' అనడం ఎలా ఉంటుందంటే, లారీనా ఆటోనా చెప్పకుండా 'ఇరవై లీటర్ల ట్యాంకు ఉన్న బండి' అన్నట్టు. ఆ 4 జీబీ అన్నది కార్డు తన దగ్గర ఎంత సామాను పెట్టుకోగలదో చెబుతుంది, ఎంత వేగంగా గీయగలదో చెప్పదు. 2014లో వచ్చిన జీటీ 730 కూడా 4 జీబీలో దొరుకుతుంది, 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650కీ 4 జీబీయే. మొదటిది సినిమాలు చూడ్డానికి, ఎక్సెల్‌కి పనికొచ్చే కార్డు. రెండోది పాతబడినా వాలరెంట్, జీటీఏ 5 నిక్షేపంలా ఆడిస్తుంది.

పేరు పూర్తిగా రాసినా ఒక్కోసారి చాలదు, ఎందుకంటే కార్డుల కంపెనీలే ఒకే పేరుతో రెండు సరుకులు అమ్ముతాయి. జీటీ 1030 మొదట జీడీడీఆర్5 మెమరీతో వచ్చింది. సెకనుకి 48 జీబీ డేటా కదిలించేది. తర్వాత డీడీఆర్4 పెట్టి అదే పేరుతో ఇంకోటి వదిలారు. దాని వేగం 16.8 జీబీ, అంటే మూడో వంతు. ఇప్పటి బడ్జెట్ మార్కెట్లో చూడాల్సింది ఆర్‌టీఎక్స్ 3050. 2022లో వచ్చిన 8 జీబీ రకం వేరు, 2024లో వచ్చిన 6 జీబీ రకం వేరు. రెండో దాంట్లో తగ్గింది మెమరీ ఒక్కటే అనుకుంటారు. కోర్లు 2560 నుంచి 2304కి తగ్గాయి, మెమరీ దారి 128 బిట్ల నుంచి 96కి తగ్గింది. ప్రకటనలో మాత్రం రెండూ 'ఆర్‌టీఎక్స్ 3050 గేమింగ్ పీసీ'లే. పాత ఆర్‌ఎక్స్ 580లోనూ ఇదే తంతు. పేరు పక్కన 2048ఎస్‌పీ అని ఉంటే అది 2304 కోర్ల అసలు 580 కాదు, తగ్గించిన రకం.

అలాగని ఆ 6 జీబీ 3050ని తీసిపారెయ్యను. అది 70 వాట్లే తింటుంది, విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు. ఇంట్లో ఇప్పటికే ఎనిమిదో తరమో పైనో ఉన్న ఆఫీసు డెస్క్‌టాప్ ఉంటే, ఎస్‌ఎంపీఎస్ మార్చకుండా అందులో గుచ్చడానికి ఇంతకంటే తేలికైన కార్డు నాకు తెలీదు. కొనేముందు డబ్బా సన్నదా వెడల్పుదా చూసుకోండి. సన్న డబ్బాకి లో ప్రొఫైల్ (పొట్టి) కార్డే పడుతుంది.

మరి అరవై వేల లోపల, కొత్త డబ్బాలో ఏ కార్డు అడగాలి? నా మటుకు 1080పీ (ఫుల్ హెచ్‌డీ) స్క్రీన్‌కి ఏఎమ్‌డీ వాళ్ల ఆర్‌ఎక్స్ 6600 దొరికితే అదే. 2021 అక్టోబర్‌లో వచ్చింది, 8 జీబీ, 132 వాట్లు. రే ట్రేసింగ్ (వెలుగు నీడల్ని నిజంలా లెక్కకట్టి గీయడం) పక్కన పెడితే 8 జీబీ 3050 కన్నా స్పష్టంగా ముందుంటుంది. అయినా జీటీఎక్స్, ఆర్‌టీఎక్స్‌లు చేసేది ఎన్విడియా, మన షాపుల్లో 'ఎన్విడియా కాదా?' అని మొహం చిట్లించే కస్టమర్లే ఎక్కువ, అందుకే ప్రీబిల్ట్ (ముందే బిగించిన) డబ్బాల్లో 3050 కనపడినంతగా 6600 కనపడదు. ఇంకో పదిహేను వేలు పెట్టగలిగితే ఆర్‌టీఎక్స్ 4060, 5060 వరసలోకి వెళ్లొచ్చు. ఇంటెల్ ఆర్క్ బీ580కి 12 జీబీ ఉంది, కాని రీసైజబుల్ బార్ అనే సదుపాయం బోర్డులో లేకపోతే అది చతికిలబడుతుంది, కాబట్టి పాత బోర్డులున్న డబ్బాలో పెట్టించకండి. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ జోలికి పోవద్దు. ఎక్కువగా 4 జీబీయే, బోర్డుతో మాట్లాడే దారులు నాలుగే, పైగా ఆడుతున్నది రికార్డు చేసే ఎన్‌కోడరే లేదు. యూట్యూబ్ ఛానెల్ కలలున్న పిల్లలకి ఈ చివరి ముక్క తప్పకుండా చెప్పాలి.

సెకండ్ హ్యాండ్ జీటీఎక్స్ 1060, 1050 టీఐలు పెట్టి 'గేమింగ్ పీసీ' అంటూ అమ్మేవి ఇంకా చాలా తిరుగుతున్నాయి. ఒకప్పుడు నేనూ 1060కి వీరాభిమానినే. కాని ఆ పాస్కల్ తరం కార్డులకి కొత్త ఆటల డ్రైవర్లు (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) ఇవ్వడం ఎన్విడియా 2025 అక్టోబర్‌తో ఆపేసింది. ఇకపై 2028 అక్టోబర్ దాకా భద్రత అప్‌డేట్లు మాత్రమే. ఇంకో మార్పు కూడా వచ్చేసింది. 2025 మేలో వచ్చిన డూమ్ ది డార్క్ ఏజెస్ లాంటి ఆటలకి కార్డులో రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ ఉండి తీరాలి. జీటీఎక్స్ అని మొదలయ్యే ఏ కార్డులోనూ అది లేదు. పాత ఆటలే ఆడతాను, కొత్తవి నాకెందుకు అనుకునేవాళ్లకి ఈ బాధ లేదు. వాళ్లు మాత్రం 1650 తీసుకుని హాయిగా ఉండొచ్చు.

'జీటీఏ 6 రెడీ' అని రాసిన బోర్డులు చూస్తే నాకు నవ్వొస్తుంది. రాక్‌స్టార్ ఆ ఆటని ప్రకటించింది ప్లేస్టేషన్ 5కి, ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్లకే. పీసీకి ఏం కావాలో ఆ కంపెనీయే ఇంకా చెప్పకుండా, డాబాగార్డెన్స్‌లో ఎలా రెడీ అయిపోయిందో!

కార్డు లేకుండా మొదలుపెట్టే దారి కూడా ఉంది, దాన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు. రైజెన్ 5 5600జీ, ఇంకాస్త పైన 8600జీ. విడి కార్డు లేకుండానే వాలరెంట్, సీఎస్ 2, మైన్‌క్రాఫ్ట్ లాంటివి తక్కువ సెట్టింగుల్లో ఆడుకోవచ్చు. డబ్బులు సమకూరాక కార్డు చేర్చుకోవచ్చు. చెత్త కార్డు పెట్టిన యాభై వేల పీసీ కంటే, కార్డే లేని మంచి పీసీ మేలని నేనంటాను. అయితే ఈ దారిలో ర్యామ్ ఎలా పెట్టారన్నది చావు బతుకుల సమస్య.

16 జీబీ అంటే ఒక్క 16 పుల్లా (ర్యామ్ ముక్కని పుల్ల అంటాం), రెండు 8 పుల్లలా? డీడీఆర్4-3200 పుల్ల ఒకటి సెకనుకి 25.6 జీబీ మోస్తుంది. రెండు పుల్లలు రెండు దారుల్లో పెడితే 51.2. విడి కార్డు ఉన్నవాళ్లకి తేడా కొంతే తెలుస్తుంది. 5600జీ లాంటి వాటికి ర్యామే గ్రాఫిక్స్ మెమరీ కాబట్టి, ఒంటి పుల్లతో ఇస్తే సగం బలం షాపులోనే వదిలేసి వచ్చినట్టు. ప్రీబిల్ట్ డబ్బాల్లో ఈ ఒంటి పుల్ల చాలా మామూలు. డెలివరీ రోజున టాస్క్ మేనేజర్ తెరిచి, మెమరీ దగ్గర ఎన్ని స్లాట్లు వాడారో చూస్తే బయటపడిపోతుంది. 2025 చివర్నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి కొటేషన్లలో మొదట కోత పడుతున్నదీ ఇక్కడే. పోయిన ఏడాది వీడియో చూసి 'అందులో ఇంతకే ఇచ్చారు' అని షాపులో గొడవ పెట్టుకోవద్దు. ఈ ఒక్క విషయంలో వాళ్ల తప్పు లేదు.

ఎస్‌ఎస్‌డీ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఎన్‌వీఎమ్‌ఈ (వేగమైన రకం) అని రాయించుకోండి, 500 జీబీకి తక్కువ వద్దు. జీటీఏ 5 ఒక్కటే వంద జీబీ మింగుతుంది.

కాస్త ఆగాల్సింది ఎస్‌ఎంపీఎస్ దగ్గర. నాలుగేళ్ల కిందట మా ఇంట్లో ఒక ఏప్రిల్ మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. డబ్బాలోంచి టపాకాయ పేలినట్టు చప్పుడు, ఆ వెనకే కాలిన వాసన. కేబినెట్‌తో ఫ్రీగా వచ్చిన '450 వాట్ల' ఎస్‌ఎంపీఎస్ పోతూ పోతూ మదర్‌బోర్డుని కూడా తీసుకుపోయింది. తర్వాత తీరిగ్గా దాని స్టిక్కర్ చదివాను. 12 వోల్టుల గడిలో 14 ఆంపియర్లని ఉంది. పన్నెండు పద్నాలుగులు నూట అరవై ఎనిమిది. ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ వెళ్లేది ఆ 12 వోల్టుల కరెంటే. మిగతా వాట్లన్నీ స్టిక్కర్ మీద అలంకారం.

ఈ గుణకారం షాపులోనే చేసుకోవచ్చు. ఆర్‌ఎక్స్ 6600కి 132 వాట్లు, ఐ5-12400ఎఫ్ ఒత్తిడిలో 117 దాకా లాగుతుంది. ఈ రెండే 249. ఫ్యాన్లు, బోర్డు, ఎస్‌ఎస్‌డీ కలుపుకుని పైన ఊపిరాడేంత జాగా ఉండాలి. 6600కి ఏఎమ్‌డీ సూచించేది 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్, నిజమైన 450. 12 వోల్టుల గడిలో 36 ఆంపియర్లు దాటి ఉంటే లెక్క సరిపోయినట్టు. 80 ప్లస్ బ్రాంజ్ అనే ముద్ర కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెప్పేది, నాణ్యతకి పూర్తి హామీ కాదు. అయినా ఆ ముద్ర తెచ్చుకున్నవాడు కనీసం పరీక్షకి కూర్చున్నాడని అర్థం.

యూపీఎస్ కూడా ఇదే లెక్క. ఇళ్లలో మామూలుగా కనిపించే 600 వీఏ యూపీఎస్ నిజంగా ఇచ్చేది 360 వాట్లు. ఆట మధ్యలో కరెంటు పోతే గేమింగ్ పీసీ, మానిటర్ కలిసి ఆ అంచుకి వచ్చేస్తాయి, యూపీఎస్ కీచుమని అరిచి ఆరిపోతుంది. 1000 వీఏ పైన చూసుకోవాలి.

కేబినెట్ విషయంలో మన ఊరికి ప్రత్యేకంగా చెప్పుకోవాల్సిన మాట ఒకటుంది. ముందువైపు అద్దం మూసేసి లోపల రంగుల ఫ్యాన్లు తిరిగే డబ్బాలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, గాలి మాత్రం ఆడదు. మే నెల ఉక్కపోతలో ఏసీ లేని గదిలో దాన్ని పెడితే కార్డు వేడెక్కి తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. ముందు జాలీ ఉన్నది, ఊడదీసి కడుక్కునే దుమ్ము వడపోత ఉన్నది తీసుకోండి. పాతపోస్టాఫీసు వైపు ఉండేవాళ్లకి పోర్టు నల్లదుమ్ము సంగతి నేను చెప్పక్కర్లేదు. లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు వాళ్లకి దుమ్ము కంటే ఉప్పుగాలి పెద్ద శత్రువు. స్క్రూలు తుప్పు పడతాయి, యూఎస్‌బీ పోర్టులు పచ్చబడతాయి. సముద్రం వైపు కిటికీ పక్కన సీపీయూ పెట్టకండి. నెలల తరబడి ఆపి ఉంచకండి కూడా, అప్పుడప్పుడూ నడుస్తూ వేడెక్కే యంత్రంలో తేమ అంతగా నిలవదు. అవునూ, మొత్తం డబ్బాని 'సీపీయూ' అనే అలవాటు మనది, ఆ మాటకి అర్థం ప్రాసెసర్ అని తెలిసి కూడా నేను మానలేకపోయాను.

ఇంతకీ లోకల్ షాపులో బిగించింది కొనాలా, పెద్ద బ్రాండు డబ్బానా, ఆన్‌లైన్‌లో తెప్పించుకునే ప్రీబిల్టా? పెద్ద బ్రాండుకి అసలు విండోస్ లైసెన్సు వస్తుంది, చెడిపోతే మనిషి ఇంటికొస్తాడు. ధర పోల్చేటప్పుడు ఆ లైసెన్సు విలువ కలుపుకోవాలి. షాపువాళ్లు 'విండోస్ ఫ్రీగా వేసిస్తాం' అంటే అది చాలాసార్లు దొంగ యాక్టివేటర్‌తో వేసింది, దానికోసం విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్‌ని కూడా ఆపేసి ఇస్తారు. ఆటల అకౌంట్లు పోవడానికి అంతకంటే రాచబాట లేదు. బ్రాండు డబ్బాలతో ఇబ్బంది మూడో ఏట మొదలవుతుంది. కొన్నిటిలో మదర్‌బోర్డు, ఎస్‌ఎంపీఎస్ ఆ కంపెనీ సొంత కొలతల్లో ఉంటాయి, బజారులో దొరికే ముక్క అందులో పట్టదు. ఆన్‌లైన్ ప్రీబిల్ట్ అయితే విప్పేటప్పుడు వీడియో తీసి, స్విచ్ వేసేముందు పక్క పలక తీసి కార్డు తన స్లాట్‌లో గట్టిగా ఉందో లేదో చూడాలి. లారీలో వందల కిలోమీటర్లు ఊగుతూ వచ్చిన సరుకది.

లోకల్ షాపు బలం మనిషి. వెళ్లి అడగొచ్చు, కూర్చోవచ్చు. అయితే 'మూడేళ్ల వారంటీ' అన్న మాట దేనికన్నది ముక్క ముక్కకీ అడగాలి. కొత్త ప్రాసెసర్‌కి మూడేళ్లు కంపెనీ ఇస్తుంది. డబ్బా లేకుండా విడిగా వచ్చే ట్రే ప్రాసెసర్‌కి షాపువాడి మాటే వారంటీ. రిఫర్బిష్డ్ బోర్డుకీ అంతే. జీఎస్‌టీ బిల్లు మీద ప్రతి ముక్క పూర్తి మోడల్, సీరియల్ నంబరు వేయించుకోండి. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే, మీరు వదులుకుంటున్నది 18 శాతం పన్నుతో పాటు ఆ వారంటీని కూడా. చెడిపోతే ఏ ముక్క విశాఖలోనే ఇవ్వొచ్చు, ఏది హైదరాబాద్ పంపాలి అన్నది కొనే రోజే అడిగితే మొహమాటం ఉండదు.

మావాడికి ఇవన్నీ చెప్పి, ఒక తెల్లకాయితం మీద గడులు గీసిచ్చాను. పూర్తి మోడల్, కొత్తదా వాడిందా, వారంటీ ఎవరిది. ఏమీ వాదించొద్దు, నింపిమ్మని మర్యాదగా అడుగు అన్నాను. మొదటి షాపతను 'ఇవన్నీ ఎవరు రాస్తారు తమ్ముడూ' అన్నాడట. డైమండ్ పార్క్ దగ్గర ఇంకో షాపాయన టీ తాగుతూ మొత్తం నింపిచ్చాడు. ఐ5-12400ఎఫ్, హెచ్610 బోర్డు, ఎనిమిదీ ఎనిమిదీ రెండు పుల్లలు, ఆర్‌ఎక్స్ 6600, 500 జీబీ ఎన్‌వీఎమ్‌ఈ, 550 వాట్ల బ్రాంజ్, జాలీ కేబినెట్. లెక్క 63,400 తేలింది, విండోస్ కాకుండా.

ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. కింద రెండు మెసేజీలు. 'లైట్లు ఒక్కటి కూడా లేవు అన్నయ్యా' అని వాడిది. రెండోది అదే ఫోన్ లాక్కుని చిన్నాన్న పెట్టిన వాయిస్ మెసేజి: "ఒరే, ధర పెరిగింది సరే, ఐ7 కాస్తా ఐ5 అయిపోయిందేంట్రా?"

వాడికి జవాబిచ్చేశాను. చిన్నాన్నకి ఇంకా ఇవ్వలేదు.